పంటయు పారబోతయు

వ్యర్థమను మాట సంస్కృతము. అర్థము తొలగినది వ్యర్థము. అర్థశబ్దమునకు ప్రయోజనమని యొక తాత్పర్యము, ధనమని వేఱొక తాత్పర్యము పెద్దలు చెప్పుదురు. ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో పిల్లలకు ఈ మాట చెప్పితిని. ఈ రెండు తాత్పర్యముల నడుమ నున్న దూరమెంతయో నాకు పుస్తకములయందు కంటె పత్తికొండ బాట మీద స్పష్టముగ కనబడినది.

2023వ సంవత్సరము జూలై మాసమున మదనపల్లె విపణిలో టమాటా కిలో నూరు రూపాయలు దాటెను. దేశమంతయు దానిని గూర్చియే మాటలాడెను. సెప్టెంబరు వచ్చునప్పటికి కర్నూలు జిల్లాలో అదే కాయను రైతులు బాట ప్రక్కన కుమ్మరించి పోయిరి. కాయయందు దోషమేమియు లేదు. ఎఱ్ఱగ, గట్టిగ, కూరకు తగినట్లే యున్నది. ప్రయోజనమను అర్థ మందు నిండుగ నుండగా, ధనమను అర్థము మాత్రమే తొలగినది. నా యొద్ద చదువుకొని నేడు సేద్యము చేసికొనుచున్న యొకడు ఆ కుప్పల నడుమ నన్ను చూచి, "కోసేదానికి కూలి, తోలేదానికి బాడిగ. అమ్మితే ఇంగా అప్పే మిగుల్తాది అయ్యవారూ" అని చెప్పెను. లెక్కలలో వాడు మొదటినుండియు గట్టివాడే.

శ్రోతలారా, పండించిన వస్తువును పండించినవాడే పారవేయుట యను నీ పని మన సీమలో ఎప్పటినుండి వచ్చినది? పూర్వులు మిగిలినదానిని ఏమి చేయుచుండిరి? ఆ మార్గము ఎక్కడ తెగినది? ఈ మూడు ప్రశ్నలను గూర్చి నాకు తెలిసినంతవఱకు నేడు మనవి చేసెదను.

నిజాము నవాబు 1800లో ఆంగ్ల కంపెనీకి ఇచ్చివేసినందున దత్తమండలములని పేరు పడి, 1928లో నంద్యాలలో జరిగిన సభలనుండి రాయలసీమయని పిలువబడుచున్న ఈ ప్రాంతము వాన తక్కువ సీమ. వానయే తక్కువగుటచేత ఇక్కడివారికి దేనినైనను కొలిచి వాడుకొనుట అలవాటైనది. ఈ కొలతకు రాతిపై చెక్కిన సాక్ష్యము మనకు కడప జిల్లాలోనే కలదు. పోరుమామిళ్ల చెఱువును విజయనగరపు బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు త్రవ్వించెను. శాలివాహన శకము 1291, అనగా 1369వ సంవత్సరమున చెక్కించిన సంస్కృత శాసనము ఆ కట్టమీద నిలిచియున్నది. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందు చెప్పబడినది. చెఱువునకు కావలసిన అంగములు పండ్రెండనియు, తగులకూడని దోషములు ఆఱనియు అందు లెక్కించిరి. కట్ట నీరు కాఱుట, చవిటి నేల, ఇద్దఱు రాజుల పొలిమేరయందుండుట, నడుమ మిట్ట యుండుట అనునవి నాలుగు. తక్కిన రెండు దోషములు నన్ను మిక్కిలి ఆకర్షించినవి. నీరు కొంచెమై పాఱవలసిన నేల విస్తారమగుట యొక దోషము; నీరు విస్తారమై నేల కొంచెమగుట మఱియొక దోషము. లేమియే గాక మితిమీఱిన కలిమియు దోషమే యని ఆఱువందల యేండ్లకు పూర్వము ఈ కఱవు సీమలోని యొక శాసనకర్త తలపోసెను. నేటి టమాటా కుప్ప ఆఱవ దోషమునకు చెందినదని నా అభిప్రాయము.

చెఱువు మాట వచ్చినది గనుక ఒండ్రు మాట కూడ చెప్పవలెను. వానకు చేల పైమన్ను కొట్టుకొనివచ్చి చెఱువు చేరును. వేసవిలో చెఱు వెండగనే రైతులు బండ్లు కట్టుకొని ఆ ఒండ్రును త్రవ్వి మఱల చేలకు తోలుకొందురు. చెఱువునకు లోతు, చేనికి సత్తువ. పోయిన వస్తువు పోయినచోటికే తిరిగి వచ్చుచున్నది. మన భాషలో చేనికి వేయునది ఎరువు. తిరిగి ఇచ్చుటకై యొకరి యొద్ద తెచ్చుకొన్నది ఎరవు. ఈ రెండు మాటలును ఒక ధాతువున పుట్టినవని నేను ప్రతిజ్ఞ చేయను. నిఘంటుకారులు వేఱుగనే చూపుదురు. కాని పల్లెటూళ్లలో రెంటిని ఒకే తీరున పలుకుట విన్నప్పుడెల్ల, ఆ పలుకుబడిలో ఒక న్యాయమున్నదని నాకు తోచుచుండును.

ప్రతి యింటి పెరటను దిబ్బ యుండెడిది. పేడ, కసవు, పశువులు మేయగా మిగిలిన చొప్ప, పొయ్యి బూడిద, కూరగాయల తొక్కలు అన్నియు దానికే చేరును. కృషిపరాశరమను సంస్కృత గ్రంథమున ఈ దిబ్బకు ఒక విధి చెప్పబడినది. మాఘమాసమున దిబ్బను పూజించి పలుగుపారలతో పెల్లగించి ఎండబెట్టి పొడి చేయవలెను. ఫాల్గుణమున చేలలో గుంటలు త్రవ్వి అందు నింపవలెను. విత్తువేళ చేనంతట చల్లవలెను. దిబ్బకు పూజయా యని నవ్వువారు నవ్వుదురు గాక. సురపాలుని వృక్షాయుర్వేదము మఱింత ముందునకు పోయి, జంతువుల మాంసము, మజ్జ మొదలైన వానిని నీటిలో ఉడికించి, నువ్వుల పిండి, తేనె, నేయి మున్నగునవి చేర్చి పులియబెట్టి కుణపజలమను ద్రవపు టెరువును చెట్లకు పోయుమని చెప్పినది. ఈ గ్రంథపు వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్సుఫర్డున నుండగా, సికిందరాబాదులోని ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థవారు 1996లో ఆంగ్లానువాదముతో ప్రకటించిరి. అనువదించినది నళినీ సాధలే గారు. మన నేలకు సంబంధించిన శాస్త్రము అంత దూరము పోయి, తిరిగి మన యొద్దకే వచ్చినది.

గ్రంథములకెక్కని శాస్త్రము ఇంకను విస్తారముగ నుండెను. పంట కోసిన చేలలో కురువలు, గొల్లలు తమ గొఱ్ఱెల మందలను రాత్రిపూట కట్టుదురు. చేనిలో మిగిలిన ఆకు, తీగె, మొదళ్లు గొఱ్ఱెకు మేత. గొఱ్ఱె పెంటిక చేనికి సత్తువ. ఇందులకు రైతే కాపరికి ధాన్యము గాని రొక్కము గాని యిచ్చును. మేపుకొన్నందుకు కాపరి చెల్లింపవలసినది పోయి, మేపనిచ్చినందుకు రైతే చెల్లించుట చూడుడు. ఎరువు విలువ యెంత యని వారు తలచిరో ఇందువలన తెలియును. ఈ వాడుక నేటికిని మన సీమలో పోలేదు.

కడప సీమలో పసుపు పండును. కొమ్ములను ఉడికించునపుడు బానపై పసుపాకునే కప్పి, ఎండిన పసుపాకునే పొయ్యిలో పెట్టెడివారు. పంట చెత్తయే పంటను వండినది. చెఱకు గానుగ యొద్ద పిప్పి బెల్లపు పొయ్యికి వంటచెఱకైనట్లే యిదియు. అరటిచెట్టు ఒక్క గెల వేసి చచ్చునది. దాని ఆకు విస్తరి, పువ్వు కూర, బోదె లోపలి దూట కూర, బోదె పట్టల నార పూలదండలకు దారము. తక్కినది పాదులోనే కుళ్లి పిలకకు ఎరువు.

ఇక మా యిండ్ల ఒరుగుల సంగతి. గోరుచిక్కుడు, వంకాయ, కాకర, పచ్చిమామిడి, ఏది కాపు విరగబడి వచ్చినను స్త్రీలు దానిని తఱిగి, ఉప్పు పట్టించి, ఎండలో పఱచి ఒరుగులుగ చేసి కుండల కెత్తెడివారు. మిరపకాయలను మజ్జిగలో ఊరవేసి ఎండబెట్టుదురు. ఉల్లిని వడియములలో కలుపుదురు. పండిన మామిడి రసము చాపలమీద పొరలు పొరలుగ పోసి తాండ్ర చేయుదురు. నా బాల్యమున వేసవి మిద్దెమీద కాలు పెట్టుటకు చోటు చిక్కెడిది కాదు. కాకులను తోలు పని పిల్లలది. మా సీమకు దేవుడు వాన తక్కువ యిచ్చినను ఎండను లోటు లేకుండ ఇచ్చినాడు. ఆ యెండయే మా స్త్రీల గిడ్డంగి.

ఇట్లు చెప్పుటచేత పూర్వకాలము బంగారుకాలమని నేను వాదించుచున్నట్లు మీరు తలపవలదు. ఆ కాలమున పారవేయకుండుటకు మొదటి కారణము పారవేయుటకు మిగులకుండుటయే. 1876లో ధాత సంవత్సరమున వచ్చిన కఱవు మూడేండ్లు పీడించెను. 1871 నాటి జనసంఖ్యతో పోల్చగా 1881లో కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవ వంతు తగ్గిపోయెను. అట్టి కఱవులలో చింతగింజలను, మామిడిటెంక లోపలి జీడిని, అడవి దుంపలను ఉడికించుకొని తిని ప్రాణములు నిలుపుకొన్నవారున్నారు. ఊరి మురికిని ఎత్తి మోయు పనిని కొన్ని కులములవారిపై త్రోసి, వారిని ఊరి వెలుపల నుంచిన అన్యాయము కూడ ఆ పద్ధతిలోనిదే. దిబ్బను పూజించిన లోకము దిబ్బ మోసినవానిని ముట్టలేదు. ఈ మాట చెప్పక పూర్వుల ప్రజ్ఞను పొగడుట చరిత్ర కాజాలదు.

అయినను ఒక సంగతి నిజము. ఆ లోకమున వస్తువు పుట్టిన చోటు, వాడబడిన చోటు, మిగులు చేరిన చోటు మూడును ఒక్క ఊరి పొలిమేరలోనివే. బండి దూరములోనే చక్రము పూర్తియగుచుండెను. పందొమ్మిదవ శతాబ్దమున ఈ పొలిమేర తెగిపోయెను.

మొదట కాలువ వచ్చినది. తుంగభద్రపై సుంకేసుల యొద్ద ఆనకట్ట కట్టి, కర్నూలునుండి కడప వఱకు ఒక ఆంగ్ల కంపెనీవారు 1860వ దశకమున త్రవ్వించిన కాలువను 1882లో ప్రభుత్వము కొనెను. నల్లరేగడి రైతులు మొదట ఆ నీటిని ముట్టుటకే జంకిరి. వారి భయమునకు కారణము లేకపోలేదు గాని అది వేఱు కథ. తరువాత రైలు వచ్చినది. మద్రాసునుండి కడప మీదుగ పోవు ఇనుపదారి 1871లో రాయచూరు యొద్ద బొంబాయి దారిని కలిసెను. నాటి కడప జిల్లా దక్షిణపు కొసనుండిన కోడూరు ఆ దారిలోని స్టేషను. నేటికిని దానిని రైల్వే కోడూరనియే పిలుచుచున్నారు. అక్కడి మామిడి, అరటి, నారింజ బండి యెక్కి పట్టణములకు పోవసాగెను. రైతు చేతికి రొక్కము వచ్చినది, ఇది మేలే. కాని పండుతో పాటు పోయిన నేలసారము తిరిగి వచ్చుటకు బండి లేదు. తొక్క మద్రాసు వీథిలో కుళ్లును. తోట కోడూరులో చిక్కిపోవును.

ఈ లోపమును ఆ కాలముననే ఒక పరదేశి కనిపెట్టెను. జాన్ అగస్టస్ వోల్కరను రసాయన శాస్త్రజ్ఞుడు 1889లో సీమ ప్రభుత్వము పంపగా వచ్చి, దేశమంతయు తిరిగి, 1893లో తన నివేదికను ప్రకటించెను. హిందూదేశపు రైతు తెలివితక్కువవాడను మాటను అతడు ఒప్పుకొనలేదు. వంటచెఱకు లేక పేడను పిడకలు చేసి కాల్చుటయు, నూనెగింజలు, ఎముకలు ఓడలకెక్కి పరదేశములకు పోవుటయు నేలను బీద చేయుచున్నవని అతడు చెప్పెను. పూర్వపు పల్లెలో మిగులు వస్తువునకు ఒక వరుస యుండెను: మొదట మనిషి నోరు, తరువాత పశువు నోరు, తరువాత మన్ను, కట్టకడపట మంట. వోల్కరు కంటబడినది ఆ వరుస తలక్రిందులగుట. ఆయన నివేదికలు వ్రాసిన తరువాతి దశాబ్దములలోనే మన సీమలో వేరుసెనగ విరివిగ వ్యాపించి, దాని గింజ, నూనె, పిండి యన్నియు ఊరు దాటిపోవుట మొదలైనదని గుర్తుంచుకొందము.

ఇరువదవ శతాబ్దమున సర్ ఆల్బర్టు హోవర్డు ఇందూరునందు 1924 మొదలు పనిచేసి, యశ్వంత్ వాడ్‌తో గూడి 1931లో వ్యవసాయపు వ్యర్థపదార్థములను గూర్చి యొక పుస్తకమును ప్రకటించెను. ఆకు, కాడ, పశువుల క్రింది పఱుపు, పేడ, బూడిద, మన్ను పొరలు పొరలుగ పేర్చి, తడి యారకుండ చూచుచు, నడుమ తిరుగవేయుచుండినచో సుమారు మూడు నెలలలో మంచి ఎరువగునని అతడు నిరూపించెను. తనకు గురువులు ఇక్కడి రైతులే యని అతడు దాచలేదు. మాఘమున దిబ్బను పెల్లగింపుమన్న పరాశరుని మాటకును, కుప్పను తిరుగవేయుమన్న హోవర్డు మాటకును లోపలి కారణమొక్కటే: కుప్పలోనికి గాలి పోవలెను.

కోడూరు చెంత అనంతరాజుపేటలో 1935లో ఫలపరిశోధన క్షేత్రము నెలకొల్పబడెను. దక్షిణదేశపు పండ్ల తోటలను గూర్చి 1949లో పెద్ద గ్రంథమును ప్రకటించిన కె. సి. నాయక్ గారు అక్కడ పనిచేసినవారే. ఎట్లు ఎక్కువ పండించవలెనన్న ప్రశ్నతో పాటు, పండినది చెడకుండ రసముగను, పానకముగను ఎట్లు నిలువచేయవలెనన్న ప్రశ్నయు 1940వ దశకమున అక్కడ పరిశోధింపబడెను. యుద్ధము ఆ ప్రశ్నకు త్వర కలిగించినది. 1946లో పండ్ల నిలువ పదార్థములకు ప్రభుత్వము మొదటి సారి నిబంధనల నేర్పరచెను. అప్పుడే తలపోసిన పని ఈ సీమలో తోట తోటకును చేరియుండినచో నేటి కథ వేఱుగ నుండెడిదేమో. క్షేత్రము మాత్రము నేడు ఉద్యాన విశ్వవిద్యాలయము క్రింద నడచుచున్నది.

ఇప్పుడు మరల టమాటా, ఉల్లి సంగతికి రావలెను. టమాటా మన పూర్వు లెఱిగిన కాయ కాదు. అమెరికా ఖండమునుండి వచ్చినది. కోస్తావారు రామములగ యనిరి. రాయలసీమలో పత్తికొండ, ఆస్పరి, డోన్ ప్రాంతముల ఎఱ్ఱనేలలకు అది చక్కగ సరిపోయినది. ఈ పత్తికొండయందే దత్తమండలముల మొదటి కలెక్టరు తామస్ మన్రో 1827 జూలైలో కలరా తగిలి మరణించెను. అతని జ్ఞాపకార్థము అక్కడ ఒక తోట వేయించి బావి కట్టించిరి. మధ్యవర్తుల తొలగించి రైతు ఒక్కొక్కనికి వేఱువేఱుగ పట్టా యిచ్చు రైతువారీ పద్ధతిని స్థిరపఱచినవాడాయన. సర్కారు ముందఱ రైతు స్వతంత్రుడై నిలిచెను. విపణి ముందఱ కూడ అట్లే ఒంటిగ నిలువవలసి వచ్చునని మన్రో కాలమున ఎవరును ఊహించియుండరు.

నూఱు కిలోల టమాటాలో సుమారు 94 కిలోలు నీరే. రైతు బాడుగ యిచ్చి తోలించునది చాలవఱకు నీరు. ధర పడిపోగానే బాడుగ ధరను మించిపోవును. శీతల గిడ్డంగి కట్టినచో చాలునని పత్రికలలో వ్రాయువారు కలరు. ఉపాధ్యాయుడనగుటచే వారికి కొన్ని మార్కులు తగ్గింపక తప్పదు. దోరకాయ దశలోనున్న టమాటాను మిక్కిలి చల్లగ నుంచినచో అది సరిగా పండక, మచ్చలు పడి చెడును. ఉంచదగినంత చల్లదనమున అది నిలుచునది కొన్ని వారములే. కార్ఖానాలు కొనునని యందుమా? గుజ్జు తీయు కార్ఖానాలకు గట్టిపదార్థ మెక్కువై, నీరు తక్కువైన రకములు కావలెను. దూరపు విపణికి చెడక చేరవలెనని రైతు నాటునవి వేఱు రకములు. కార్ఖానాకై నాటిన పంట కార్ఖానాకు పోవును గాని, విపణిలో మిగిలినది కార్ఖానాకు తగదు. ఈ భేదమును ఎఱుగక చేసిన శంకుస్థాపనలు రాళ్లుగనే మిగులును.

ఉల్లి కష్టము మఱియొక రకము. కర్నూలు ఉల్లి వానకారు పంట. వానలలో పెఱికిన గడ్డ తడితో విపణికి వచ్చును, నిలువ యుండదు. 2025 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ధర కూలగా ప్రభుత్వము క్వింటాలు 1,200 రూపాయలకు కొనుటకు పూనుకొనెను. కొన్న సరకు కుళ్లసాగగా, తరువాత హెక్టారుకు 50,000 రూపాయల సాయము ప్రకటించెను. ఆ రూపాయలు రైతు ఋణమునకు కొంత అడ్డుపడినవి. ఉల్లికి మాత్రము ఏ దారియు చూపలేదు.

కడప సీమలో కృష్ణాపురపు ఉల్లి యని యొకటి కలదు. చిన్నది, ఎఱ్ఱనిది, ఘాటైనది. మన వంటలలో దీని వాడుక లేదు. మలేసియా, సింగపూరు మొదలైన దేశములకు పోవుటకే పండింతురు. 2020 సెప్టెంబరు 14న దేశమున ఉల్లి ధర పెఱుగుచున్నదని ఎగుమతులను నిషేధించిరి. ఇచ్చటివా రెవ్వరును తినని ఉల్లికి కూడ ఆ నిషేధము తగిలినది. రైతులు మొఱపెట్టగా అక్టోబరులో 10,000 టన్నులు, చెన్నపట్టణపు రేవునుండి మాత్రమే, 2021 మార్చి 31లోగా పంపవచ్చునని సడలించిరి. చేనిలోని గడ్డ ఒక్క కాగితముతో వ్యర్థమై, ఇంకొక కాగితముతో మరల సార్థకమైనది. వ్యర్థత వస్తువునందున్నదా, దారియందున్నదా యని సంశయించువారికి ఈ యుదాహరణము చాలునని తలచెదను.

విపణులలో తరుగు అను నొక మాట కలదు. తూకము వేసిన తరువాత చెడుగు, మన్ను, తేమ పేర కొన్ని కిలోలు తగ్గించి లెక్కకట్టుదురు. కుళ్లకమునుపే కుళ్లినట్లు లెక్క వ్రాయుట యిది. నిజముగ చెడిన కాయ నష్టము రైతుదే. చెడని కాయలోను కొంత చెడినట్లే. ఆ తరుగులోని మంచికాయ ఎవరి గంపలో చేరునో విపణికి పోయినవారికి తెలియును. వ్యాకరణమున లోపము, ఆగమము అని రెండు కార్యములు కలవు. ఇక్కడ రైతుకు లోపమైనది మఱియొకనికి ఆగమమగుచున్నది.

పండ్లను గుజ్జు చేయు కార్ఖానాల చెత్త వేఱు. మామిడిపండులో తొక్క, టెంక కలిసి రకమును బట్టి మూడవ వంతు మొదలు సగము దాకను గుజ్జులో చేరక మిగులును. కుప్పవేసినచో పులిసి, ఈగలు ముసరి, కాలువలోనికి కాఱి నీటిని చెఱచును. ఆ టెంకలోని జీడి కొవ్వు కోకో వెన్నను పోలియుండును. ఐరోపా సమాజమువారు 2000లో చేసిన శాసనమున చాకొలేటులో కలుపుటకు అనుమతించిన ఆఱు వృక్షపు కొవ్వులలో మామిడిజీడి కొవ్వు ఒకటి. కఱవులో బీదవాడు ఉడికించి తిన్న జీడి, నేడు ధనవంతుల మిఠాయిలో చేరుట కర్హమైనది.

కుళ్లినదాని నుండి వాయువు తీయుటయు కలదు. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల విపణిలో దినమునకు సుమారు 10 టన్నుల చెత్తను గాలి చొరని తొట్టిలో పులియబెట్టి, ఆ వాయువుతో సుమారు 500 యూనిట్ల విద్యుత్తు పుట్టించుచున్నట్లు 2021లో దేశమంతట ప్రసిద్ధమైనది. రసాయన విజ్ఞానసంస్థవారి పద్ధతి యది, మెచ్చదగినది. పట్టణపు విపణికి అంతకంటె మంచి దారి నాకు తోచదు. కాని పల్లెలో మనిషి తినదగిన కాయను అక్కడికి పంపుట, పూర్వపు వరుసలో నోటిని విడిచి మంటకు పోవుటయే యగును. 2016 తరువాత మన రాష్ట్రమున వ్యాపించిన ప్రకృతి వ్యవసాయపు జీవామృతములో, పేడ, పంచితము, పప్పుపిండితో కలుపు బెల్లమునకు మాఱుగ మిగుల పండిన పండ్ల గుజ్జును వాడువారు కలరు. సురపాలుడు దీనిని చూచిన తన కుణపజలమునకు శాకాహారపు తమ్ముడని యనును.

కర్నూలు చెంతనున్న తాండ్రపాడు మొదలైన చోట్ల పొదుపు సంఘముల స్త్రీలు కొన్ని యేండ్ల క్రిందట ఎండవేడితో నడచు ఆరబెట్టు పెట్టెలలో ఉల్లిని, టమాటాను తఱిగి ఎండించు పని మొదలుపెట్టిరి. పైన అద్దమువంటి మూత, లోపల నల్లని పళ్లెములు. దుమ్ము, ఈగ, కాకి చొరవు. మా మిద్దెల మీది ఒరుగులకు ఇది మనుమరాలు. పరిమాణము చిన్నదని, మచ్చ యున్నదని విపణిలో ప్రక్కకు నెట్టబడు కాయ యిందుకు చాలును. తఱుగగా రూపముతో పనియేమి? ఎండిన ముక్క నెలల తరబడి నిలుచును గనుక ధర వచ్చువఱకు ఆగవచ్చును. కుళ్లు వస్తువు గలవానికి బేరమాడు వ్యవధి యుండదు. ఎండిన వస్తువు గలవాడు కొనువానిని రేపు రమ్మని చెప్పగలడు. పెట్టెల ఖరీదు, ఎండిన సరకును నికరముగ కొనువారు, వానకారులో మబ్బు పట్టిన దినములు, ఈ మూడు చిక్కులు దీనికి లేకపోలేదు. ఉల్లి పండునది మబ్బుల కాలముననే గదా. వానికి విద్యుత్తు తోడు కావలసి యుండును.

లెక్క మాత్రము స్పష్టము. నూఱు కిలోల టమాటా ఎండగా ఆఱేడు కిలోలగును. ఈ సీమనుండి పదునైదు లారీలలో పోవలసిన సరకు అప్పుడు ఒక్క లారీలో పోవును. తక్కిన పదునాలుగు లారీల నీరు బాడుగ లేకుండ ఇక్కడి ఎండలోనే ఆవిరియై పోవును.